బాయిలో కాంట్రాక్టు కార్మికుడు ఎవరి మనిషి? సింగరేణి కార్మిక సంఘాలకు బహిరంగ లేఖ

గుర్తింపు సంఘం, ప్రాతినిధ్య సంఘాల నాయకులకు, పిట్ కార్యదర్శులకు, పిట్ సేఫ్టీ కమిటీ సభ్యులకు, రోజూ బాయిలోకి, అంటే భూగర్భ గనిలోకి, దిగుతున్న పర్మినెంటు కార్మిక సోదరులకు నమస్కారం.

నేను బాయిలో షిఫ్టు పనిని చూసే ఓవర్‌మన్‌గా రిటైరైనవాణ్ణి. భూగర్భ గనుల్లో కాంట్రాక్టు పని గురించి మీతో నేరుగా మాట్లాడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. యాజమాన్యానికి రాయాల్సింది మాకెందుకు రాస్తున్నావని మీలో కొందరు అడుగుతారు. వాళ్లకూ ఒక ప్రతి పంపుతాను. కానీ ముందుగా మీకే రాయడానికి కారణం ఉంది.

2023 డిసెంబరు 27న గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి. దాదాపు 40 వేల మంది పర్మినెంటు కార్మికులకు ఓటుంది. కాంట్రాక్టు కార్మికులకు లేదు. 2025లో దసరాకు ముందు లాభాల వాటా ప్రకటించినప్పుడు ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం సింగరేణిలో పర్మినెంటు కార్మికులు సుమారు 41 వేలు, కాంట్రాక్టు కార్మికులు సుమారు 30 వేలు. అంటే సింగరేణి పని చేసే ప్రతి ఏడుగురిలో ముగ్గురికి కంపెనీతో మాట్లాడే ప్రతినిధిని ఎన్నుకునే హక్కు లేదు. వాళ్ల తరఫున సేఫ్టీ కమిటీలో కూర్చునేదీ, మేనేజర్ ముందు రిజిస్టరు తెరిపించగలిగేదీ, త్రైపాక్షిక సమావేశంలో ప్రశ్న అడగగలిగేదీ మీరే. అందుకే ఈ ఉత్తరం మీకు.

ఈ 30 వేల మందిలో ఎక్కువ మంది పైనే పనిచేస్తారు. స్వీపింగ్, క్యాంటీన్, ఆస్పత్రి వార్డులు, సెక్యూరిటీ, సివిల్ పనులు, ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీత, బొగ్గు రవాణా. వాళ్ల సమస్యలు చిన్నవని నేననను. 2020 జూన్ 2న రామగుండం ఓపెన్‌కాస్టులో పేలుడు పదార్థాలు నింపే పనిలో ఉన్న నలుగురు కాంట్రాక్టు కార్మికులు చనిపోయిన సంగతి మీరెవరూ మరిచిపోలేదు. అయినా ఈ ఉత్తరం భూమి కింద పనిచేసే వాళ్ల గురించే. ఎందుకంటే భూగర్భంలో కాంట్రాక్టు పద్ధతికి ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. పైన బిల్డింగు కట్టే కాంట్రాక్టరు తన పని స్థలాన్ని తానే చూసుకోగలడు. బాయిలో అది కుదరదు. గాలి కంపెనీది, రూఫ్ కంపెనీది, గ్యాసు చూసే సర్దార్ కంపెనీ మనిషి, నీళ్లు తోడే పంపు కంపెనీది. కాంట్రాక్టరు తెచ్చేది మనుషులను మాత్రమే. ఆ మనుషుల ప్రాణాలను నిలిపేవన్నీ కంపెనీ చేతిలో ఉన్నప్పుడు, వాళ్లు మా మనుషులు కారని కంపెనీ ఎలా అనగలదు?

2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో రూఫ్ కూలింది. కొందరు శిథిలాల కింద చిక్కుకున్నారు. ముగ్గురు చనిపోయారు. ఒకరు ఏరియా సేఫ్టీ ఆఫీసర్, ఒకరు అసిస్టెంట్ మేనేజర్, ఒకరు కాంట్రాక్టు కార్మికుడు. ఈ మూడు హోదాలను పక్కపక్కన పెట్టి ఒకసారి ఆలోచించండి. అందరికంటే ఎక్కువ చదువుకున్న మనిషి, రక్షణ చూడటమే ఉద్యోగమైన మనిషి, కంపెనీ జీతాల పట్టీలో పేరే లేని మనిషి, ముగ్గురూ ఒకే రూఫ్ కింద ఉన్నారు. పర్మినెంటు ఉద్యోగి బాయిలో చనిపోతే అతని ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది, పెన్షన్ వస్తుంది, క్వార్టరు గురించి మాట్లాడతారు, సంఘం జెండా ఇంటి ముందుకొస్తుంది. కాంట్రాక్టు కార్మికుడు చనిపోతే అతని భార్యకు కారుణ్య నియామకం అనే మాటే లేదు. వచ్చే ప్రతి రూపాయికీ మార్చురీ ముందు ధర్నా చేయాల్సిన పరిస్థితి ఎందుకుండాలి? ధర్నా చేస్తే వచ్చేది, చేయకపోయినా రావాలి కదా.

చట్టం ఈ విషయంలో మొదటి నుంచీ చాలా స్పష్టంగా చెప్పింది. 1952 నాటి గనుల చట్టం (2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో వృత్తి భద్రత కోడ్ వచ్చింది) 'యజమాని' అంటే ఎవరో చెప్పినప్పుడు, గనిలో ఏ భాగంలోనైనా పని చేయించే కాంట్రాక్టరు కూడా యజమానితో సమానంగా చట్టానికి లోబడి ఉంటాడని అన్నది. ఆ వెంటనే ఇంకో మాట చేర్చింది: అంతమాత్రాన అసలు యజమాని బాధ్యత తప్పదు. కాబట్టి టెండరు కాగితంలో 'కార్మికుల భద్రత కాంట్రాక్టరుదే' అని రాసుకున్నంత మాత్రాన బాయి మేనేజరు చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. ఈ సంగతి అధికారులకు తెలుసు. మనవాళ్లలో చాలామందికి తెలియదు. ప్రమాదం జరిగిన రోజు 'అతను ఫలానా కాంట్రాక్టరు మనిషి' అని ఎవరైనా అంటే, సంఘం నాయకుడిగా మీ నోటి నుంచి రావాల్సిన మొదటి మాట ఈ సూత్రమే.

ఇక పని దగ్గరికి వస్తాను. బాయిలో కాంట్రాక్టు గ్యాంగుకు ఇద్దరు పెద్దలు ఉంటారు. ఒకరు షిఫ్టులో ఉన్న మైనింగ్ సర్దార్ లేదా ఓవర్‌మన్. ఇంకొకరు కాంట్రాక్టరు పెట్టిన సూపర్‌వైజర్. సర్దార్‌కు చట్టం అధికారం ఇచ్చింది. సూపర్‌వైజర్ చేతిలో మస్టర్, అంటే హాజరు పట్టీ, ఉంది. సర్దార్ 'ఇక్కడ రూఫ్ బాగాలేదు, బయటికి రండి' అంటాడు. సూపర్‌వైజర్ 'ఈ రౌండు అయిపోయాక పోదాం' అంటాడు. రేపు పని ఉండాలంటే ఎవరి మాట వినాలో ఆ మనిషికి తెలుసు. సర్దార్ మాట విని బయటికొచ్చినవాడికి ఆ రోజు మస్టర్ పడుతుందన్న హామీ ఎక్కడ ఉంది? ఆ హామీ కాగితం మీద లేనంతకాలం సర్దార్ అధికారం ఆ గ్యాంగు మీద సగమే పనిచేస్తుంది. నేను ఓవర్‌మన్‌గా పనిచేశాను కాబట్టి ఈ మాట బరువు తెలిసే చెబుతున్నాను. ప్రమాదం జరిగితే విచారణలో ముందు నిలబడేది కూడా ఆ సర్దారే. అతను మీ సంఘం సభ్యుడు.

స్టోన్ డ్రిఫ్ట్ పనిలో ఇది ఇంకా గట్టిగా కనిపిస్తుంది. రాతిలో సొరంగం తోలే పనికి డబ్బు సాధారణంగా మీటర్ల లెక్కన వస్తుంది. ఇన్ని మీటర్లు ముందుకెళ్తే ఇంత బిల్లు. డ్రిల్లింగు చేసి, మందు పెట్టి పేల్చాక, పైన కొత్తగా బయటపడిన రూఫ్ ఉంటుంది. దాన్ని మనం గ్రీన్ రూఫ్ అంటాం. అప్పటిదాకా కోట్ల ఏళ్లు కింద రాయి ఆనుకుని ఉన్న రూఫ్‌కు ఆ క్షణంలో ఏ ఆధారమూ ఉండదు. పొగ పోయేదాకా ఆగాలి. సర్దార్ గ్యాసు చూడాలి. కర్రతో కొట్టి శబ్దం వినాలి, డొల్లగా పలికితే ఆ పెచ్చును దించాలి. తాత్కాలిక సపోర్టు పెట్టి, దాని నీడలో నిలబడి బోల్టులు వేయాలి. ఇదంతా చేస్తే ఆ షిఫ్టులో సొరంగం ఒక్క అంగుళం కూడా ముందుకు జరగదు. మీటరుకు డబ్బిచ్చే పద్ధతిలో ఈ పనులన్నీ నష్టం కింద లెక్క. సపోర్టు ప్లాను ఎంత బాగా రాసినా, బిల్లు కట్టే పద్ధతి దానికి ఎదురు తిరిగితే బిల్లే గెలుస్తుంది. సపోర్టు పనికి వేరే రేటు, వేరే కొలత పెట్టమని సంఘాలు అడగొచ్చు. టెండరు షరతులు బయటపెట్టమని అడగొచ్చు. ఇది సాంకేతిక విషయం, మనకెందుకని వదిలేయకండి. రూఫ్‌కు సపోర్టులు పెట్టే టింబర్‌మన్‌గా పనిచేసిన ఎవరినైనా కూర్చోబెడితే గంటలో మంచి షరతులు రాసిస్తాడు.

టెండరు సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి చెబుతాను. మనుషులను సరఫరా చేసే కాంట్రాక్టులో ఖర్చంతా మనుషులదే. యంత్రం లేదు, ముడిసరుకు లేదు. అలాంటి చోట అందరికంటే తక్కువ కోట్ చేసినవాడికే పని ఇస్తే, ఆ తగ్గిన డబ్బు ఎక్కడి నుంచి తగ్గుతుంది? కూలీలోనుంచి, పీఎఫ్‌లోనుంచి, బూట్లలోనుంచి, ఇవ్వాల్సిన సెలవుల్లోనుంచి. ఇంకెక్కడా తగ్గడానికి లేదు. ఈ ఎల్-1 (అతి తక్కువ రేటు) పద్ధతిని మెషీన్ల కొనుగోలుకు వాడుకోనివ్వండి. మనిషి ప్రాణంతో ముడిపడిన పనిలో కూలి, పీఎఫ్, రక్షణ సామగ్రి, ట్రైనింగు ఖర్చు టెండరు పోటీ బయట ఉండాలి. అవి ముందే కంపెనీ నిర్ణయించి, కాంట్రాక్టరు తన కమిషన్ మీద మాత్రమే పోటీ పడేలా చేయాలి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది దుమ్ము. దీని గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

గోదావరి లోయలో బొగ్గు పొరల మధ్య ఉన్నది ఎక్కువగా ఇసుకరాయి. ఇసుకరాయి అంటే సిలికా. రాతిని డ్రిల్లు చేసినప్పుడు, పేల్చినప్పుడు లేచే సన్నటి దుమ్ము కంటికి కూడా కనిపించదు. అది ఊపిరితిత్తుల లోపలికి పోయి అక్కడే ఉండిపోతుంది. సిలికోసిస్ వచ్చాక తగ్గించే మందు లేదు. నీళ్లు పెట్టి డ్రిల్లు చేయడం, గాలి సరిగ్గా ఆడేలా చూడటం, మంచి మాస్కు ఇవ్వడం, మధ్యమధ్యలో ఎక్స్‌రే తీయించడం, ఇవే కాపాడతాయి. జబ్బు బయటపడటానికి చాలా ఏళ్లు పడుతుంది. రూఫ్ కూలితే ఆ రోజే తెలుస్తుంది, పేపర్లో వస్తుంది. దుమ్ము చంపితే ఎవరికీ తెలియదు. ఊరికి పోయి దగ్గుతూ, టీబీ అనుకుని మందులు మింగుతూ పోతాడు.

పర్మినెంటు కార్మికుడికి ఇక్కడ ఒక రక్షణ ఉంది. చేరేటప్పుడు వైద్య పరీక్ష, ఆ తర్వాత గనుల నిబంధనల ప్రకారం కనీసం ఐదేళ్లకోసారి పీఎంఈ, అంటే మళ్లీ వైద్య పరీక్ష. అతని ఫైలు కంపెనీ ఆస్పత్రిలో ఉంటుంది. పాత ఎక్స్‌రే పక్కన కొత్త ఎక్స్‌రే పెట్టి చూసే డాక్టరు ఉంటాడు. కాంట్రాక్టు కార్మికుడికి కూడా అదే చట్టం, అదే నిబంధన. కాంట్రాక్టరు మనిషికి ఊపిరితిత్తులు వేరుగా ఉంటాయని ఏ రూలూ చెప్పలేదు. కానీ చాలా కాంట్రాక్టుల గడువు రెండు మూడేళ్లు. ఐదేళ్లు నిండేలోపు కాంట్రాక్టరు మారిపోతాడు. మనిషి అతనే, పని అదే, చోటు అదే. కాగితాల మీద మాత్రం కొత్త కాంట్రాక్టరు కింద కొత్తగా చేరినవాడు. అతని ఐదేళ్లు ఎప్పుడు నిండాలి? గ్రాట్యుటీకి కావాల్సిన ఐదేళ్ల సర్వీసు కథ కూడా ఇంతే. పదిహేనేళ్లు ఒకే బాయిలో పనిచేసినవాడు కాగితం మీద ఎప్పుడూ కొత్తవాడే. ఇరవై ఏళ్ల తర్వాత సిలికోసిస్ బయటపడితే అతను ఏ కాంట్రాక్టరు ఆఫీసుకు పోయి నష్టపరిహారం అడగాలి? ఆ ఆఫీసు అప్పటికి ఉంటుందా?

దీనికి పరిష్కారం కష్టమైనదేమీ కాదు. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ, ఎవరి కింద పనిచేసినా, కంపెనీ ఒక శాశ్వత నంబరు ఇవ్వాలి. అతని ఎక్స్‌రేలు, ఊపిరి పరీక్షలు, ట్రైనింగు సర్టిఫికెట్లు, దుమ్ములో పనిచేసిన కాలం, అన్నీ ఆ నంబరు కింద కంపెనీ ఆస్పత్రిలోనే ఉండాలి. కాంట్రాక్టరు మారితే ఫైలు మారకూడదు. వెళ్లిపోయే రోజున పరీక్ష చేసి ఒక కాపీ అతని చేతికివ్వాలి. తల దీపాలు ఇచ్చే ల్యాంప్ రూంలో ఎవరు దిగారో, ఎవరు ఎక్కారో ఎలాగూ రాస్తాం. ఆ లెక్కను మనిషి ఆరోగ్యానికి కూడా వాడమని అడుగుతున్నాను.

ప్రపంచంలో మిగతా చోట్ల కూడా బొగ్గు గనులు ఇదే దారిలో పోయి ఏమైందో మనకు తెలుసు. న్యూజీలాండ్‌లో 2010 నవంబరు 19న పైక్ రివర్ గని మీథేన్ పేలుడులో 29 మంది చనిపోతే, అందులో 13 మంది కాంట్రాక్టు మనుషులు. ఆ తర్వాత వేసిన రాయల్ కమిషన్, కాంట్రాక్టు వాళ్ల శిక్షణనూ పర్యవేక్షణనూ గని సరిగ్గా పట్టించుకోలేదని ఎత్తిచూపింది. టర్కీలో ప్రభుత్వ బొగ్గు సంస్థకు చెందిన సోమా గనిని ప్రైవేటు ఆపరేటరు నడిపేవాడు. తవ్విన బొగ్గును ప్రభుత్వ సంస్థ కొనేది. ఎంత ఎక్కువ తవ్వితే అంత లాభం. 2014 మే 13న మంటలు లేచి, విషవాయువు కమ్మి 301 మంది చనిపోయారు. ఆ దేశ గనుల చరిత్రలోనే అంత పెద్ద ప్రమాదం లేదు.

ఆస్ట్రేలియా సంగతి మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. క్వీన్స్‌లాండ్‌లోని గ్రోవెనర్ గనిలో 2020 మే 6న మీథేన్ అంటుకుని ఐదుగురు తీవ్రంగా కాలిపోయారు. విచారణ బోర్డు గ్యాసు సంగతితో ఆగకుండా, లేబర్ సప్లై పద్ధతి మీద కూడా దృష్టి పెట్టింది. రక్షణ గురించి నోరు తెరిస్తే ఉద్యోగం పోతుందేమోనన్న భావన సప్లై కార్మికుల విషయంలో గనుల్లో ఉందని గుర్తించింది. 2023 డిసెంబరులో ఆ దేశ పార్లమెంటు ఒకే పనికి ఒకే కూలి వచ్చేలా చట్టం మార్చింది. దాని కింద సప్లై కార్మికులకు సమాన కూలి ఇవ్వాలన్న ఆదేశాలు ముందుగా బొగ్గు గనుల్లోనే మొదలయ్యాయి. అది అక్కడి గని కార్మిక సంఘం ఏళ్ల తరబడి పోరాడి తెచ్చుకున్నది. ఆ సంఘంలో పర్మినెంటు వాళ్లూ ఉన్నారు. వాళ్లు సప్లై కార్మికుల కోసం ఎందుకు పోరాడారు? పక్కనున్నవాడు భయంతో నోరు మూసుకుంటే ఆ గ్యాసు తమనూ వదలదని వాళ్లకు అర్థమైంది. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య చేరితే పేలుతుంది. ఎక్కడో ఒక మూల బెల్టు కింద బొగ్గు ఎత్తుతున్న మనిషి, స్టాపింగు (గాలి దారిని అడ్డే గోడ) దగ్గర పగులు చూసిన మనిషి, నీటి ఊట పెరగడం గమనించిన మనిషి ముందుగా ఎవరికి చెప్పాలి, చెబితే తనకేమవుతుంది అన్నది బాయిలో అందరి ప్రాణాలకూ సంబంధించిన విషయం. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తి 17 మందిని పోగొట్టుకున్న మనకు నీటి గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కాంట్రాక్టరు ప్రతివాడూ దొంగ అని నేననడం లేదు. కొన్ని పనులకు వాళ్లు కావాలి. షాఫ్టు తవ్వకం ఒక గని జీవితంలో ఒక్కసారే జరుగుతుంది. దానికోసం ఏ కంపెనీ అయినా వందమందిని జీవితాంతం పెట్టుకోలేదు. అది చేసే నిపుణులు వేరు. 2006లో వీకే-7 గనిలో కంటిన్యుయస్ మైనర్ (బొగ్గును ఆగకుండా కోసే యంత్రం) దింపినప్పుడు విదేశీ తయారీదారు తోడు అవసరమైంది. కొత్త యంత్రం, కొత్త పద్ధతి, దాన్ని తెలిసినవాళ్లు వచ్చి నడపడంలో తప్పేమీ లేదు. లోతు బోర్లు, ప్రత్యేకమైన రసాయనాలతో రూఫ్ గట్టిపరచడం, ఇలాంటివి ఎప్పుడో ఒకసారి వచ్చే పనులు. నా అభ్యంతరం ఏటా, నెలనెలా, షిఫ్టు షిఫ్టుకూ ఉండే పనుల గురించి. బెల్టు శుభ్రం చేయడం రేపు ఆగిపోతుందా? పైపులైను, స్టాపింగులు, రూఫ్ బోల్టులు, నీటి పంపులు, దారుల మరమ్మతు, ఇవి ఆగిపోతే గని ఆగిపోతుంది. గని ఉన్నంతకాలం ఉండే పనికి తాత్కాలిక మనిషి ఎందుకు?

ఈ ప్రశ్న నేను కొత్తగా వేసింది కాదు. 1973లో బొగ్గు గనులను జాతీయం చేయడానికి ఒక కారణం ప్రైవేటు యజమానులు, వాళ్ల కాంట్రాక్టర్లు కార్మికులను పిండుకున్న తీరు. ఆ వెనకే 1975 ఫిబ్రవరి 1న కేంద్రం బొగ్గు గనుల్లో కొన్ని పనులకు కాంట్రాక్టు కార్మికులను నిషేధించింది. బొగ్గు తవ్వకం, లోడింగు, మట్టి తీతతో పాటు భూగర్భంలో స్టోన్ డ్రిఫ్టులు తోలడం, రాయి కొట్టడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. తర్వాత మినహాయింపులు వచ్చాయి. 2001లో ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కేసులో సుప్రీంకోర్టు, నిషేధం ఉన్నంత మాత్రాన కాంట్రాక్టు కార్మికుడు ఆటోమేటిగ్గా పర్మినెంటు కాడని చెప్పింది. అప్పటి నుంచి యాజమాన్యాలకు ధైర్యం వచ్చింది, సంఘాలకు నీరసం వచ్చింది.

కానీ 2024 మార్చి 12 తీర్పును మీరందరూ చదవాలి. ఒడిశాలో మహానది కోల్‌ఫీల్డ్స్ కింద బ్రజరాజ్‌నగర్ గనుల కేసు. రైల్వే సైడింగులో, బంకర్ల కింద పడిపోయిన బొగ్గు ఎత్తే, చూట్లు (బొగ్గు జారే తొట్లు) నడిపే కాంట్రాక్టు కార్మికులు 32 మంది. 19 మందిని పర్మినెంటు చేసి, మిగతా 13 మంది పని వేరు అని యాజమాన్యం పక్కనపెట్టింది. ఆ పని కూడా శాశ్వతమైనదే, నిరంతరం ఉండేదే అని సుప్రీంకోర్టు తేల్చి, ఆ 13 మందినీ రెగ్యులరైజ్ చేయమన్న తీర్పును నిలబెట్టింది. ఆ కేసుకు మూలం ఏమిటో తెలుసా? జాతీయ బొగ్గు వేతన ఒప్పందంలోని ఒక క్లాజు. శాశ్వత స్వభావం ఉన్న పనుల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టబోమని అందులో రాసుకున్నారు. అలాంటి ఒప్పందాల మీద సంతకాలు పెట్టింది జాతీయ సంఘాల నాయకులు, మీ పెద్దలు. సింగరేణి కూడా ఆ వేతన ఒప్పందాల్లో భాగమే. పడిపోయిన బొగ్గు ఎత్తే పని శాశ్వతమైనదైతే, మన బాయిలో బెల్టు కింద బొగ్గు ఎత్తే పని ఏమవుతుంది?

ఇప్పుడు ఆలస్యం చేయకూడదనడానికి ఒక కారణం ఉంది. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వృత్తి భద్రత కోడ్‌లోని 57వ సెక్షన్ సంస్థ ముఖ్యమైన పనుల్లో కాంట్రాక్టు కార్మికులను నిషేధిస్తుంది. వినడానికి బాగుంది. కానీ దానికే ఒక మినహాయింపు ఉంది. ఆ పనిని ఆ సంస్థలో మామూలుగా కాంట్రాక్టరు ద్వారానే చేయించే అలవాటుంటే నిషేధం వర్తించదు. అంటే ఈ రోజు మనం ఊరుకుని ఏ పనిని కాంట్రాక్టుకు వదిలేస్తామో, రేపు అది 'మామూలుగా కాంట్రాక్టులో జరిగే పని' అయిపోతుంది. మన మౌనమే వాళ్లకు సాక్ష్యం అవుతుంది. కాబట్టి ప్రతి బాయిలో ఏ పని ఎప్పటివరకు పర్మినెంటు కార్మికులు చేశారో, ఎప్పటి నుంచి కాంట్రాక్టుకు పోయిందో ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. అది చెప్పగలిగిన పాతవాళ్లం ఇంకా బతికే ఉన్నాం. పిలవండి, వస్తాం.

కూలి గురించి ఎక్కువ రాయను, మీకు తెలిసిందే. కోల్ ఇండియాలో 2013 నుంచి కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ (వాళ్ల కూలి నిర్ణయించే కమిటీ) వేతనాలు ఒప్పుకున్నారు. ఇక్కడ వాటికోసం 2022 సెప్టెంబరులో రోజుల తరబడి సమ్మె చేయాల్సి వచ్చింది. 2024లో తొలిసారి కాంట్రాక్టు కార్మికుడికి 5,000 రూపాయలు, 2025లో 5,500 రూపాయలు బోనస్ ఇచ్చారు. ఇచ్చినందుకు సంతోషమే. అదే 2025లో పర్మినెంటు కార్మికుడికి లాభాల వాటా సగటున 1,95,610 రూపాయలు. ఈ రెండు అంకెల మధ్య దూరం ఒకే షిఫ్టులో, ఒకే కేజ్‌లో (బాయి లిఫ్టులో) దిగే ఇద్దరి మధ్య దూరం. కాంట్రాక్టు కార్మికుల కేంద్ర నిబంధనలు 1971 నుంచీ ఒకే రకమైన పనికి ఒకే కూలి అన్నాయి. వాటాలో కోత పడుతుందని ఏ పర్మినెంటు తమ్ముడైనా భయపడితే, వాళ్లకిచ్చేది మన వాటాలోంచి అడగడం లేదని, కాంట్రాక్టరు కమిషన్‌లోంచి, కంపెనీ లాభంలోంచి అడుగుతున్నామని చెప్పండి.

1990ల మొదట్లో సింగరేణిలో పర్మినెంటు కార్మికులు లక్షకు పైగా ఉండేవాళ్లు. ఇప్పుడు 41 వేలు. యంత్రాలు వచ్చాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి, అవి నిజమైన కారణాలే. కానీ రిటైరైన మనిషి చోటు చాలాసార్లు కాంట్రాక్టుతో నిండింది. మన పిల్లలే, మన పక్క ఊళ్ల పిల్లలే, భూమి పోయిన నిర్వాసితుల పిల్లలే ఆ పనిలోకి వస్తున్నారు. వారసత్వ ఉద్యోగాల కోసం మనం చేసిన పోరాటం ఎంత పెద్దదో నాకు తెలుసు. ఆ పోరాటంలో సగం శక్తి ఈ పిల్లల కోసం పెట్టండి.

మిమ్మల్ని నేను అడిగేది చేయగలిగినంతే. పిట్ సేఫ్టీ కమిటీ సమావేశాలకు కాంట్రాక్టు గ్యాంగుల నుంచి ఒక మనిషిని కూర్చోబెట్టించండి. ప్రమాదం ఉందని పని ఆపినవాడికి ఆ రోజు మస్టర్ పడాలని, అతన్ని పని నుంచి తీసేసిన కాంట్రాక్టరుకు మళ్లీ టెండరు ఇవ్వకూడదని రాతపూర్వకంగా ఒప్పందం చేయించండి. గని ప్రమాదంలో చనిపోయిన కాంట్రాక్టు కార్మికుడి ఇంట్లో ఒకరికి ఉద్యోగం వచ్చే హామీని మీ డిమాండ్ల పత్రంలో పైన పెట్టండి. మీ సంఘం సభ్యత్వ రసీదు అతనికీ ఇవ్వండి.

ముందుగా ఒక్క పని చేయండి. వచ్చే నెల మీ బాయిలో సేఫ్టీ కమిటీ సమావేశానికి ముందు, అక్కడ దిగుతున్న ప్రతి కాంట్రాక్టు కార్మికుడి పేరు ఫారం-బిలో (గనిలో పనిచేసేవాళ్ల రిజిస్టరులో) ఉందా, వృత్తి శిక్షణ ఎక్కడ ఎన్ని రోజులు ఇచ్చారు, చివరి వైద్య పరీక్ష ఎప్పుడు జరిగింది, సెల్ఫ్ రెస్క్యూయర్ (విషవాయువు నుంచి కాపాడే ఊపిరి పరికరం) వాడటం చేసి చూపించమంటే చూపించగలడా అని మేనేజరును రాతపూర్వకంగా అడగండి. వచ్చిన జవాబును ల్యాంప్ రూం పక్కన నోటీసు బోర్డు మీద, కాంట్రాక్టు కార్మికులు కూడా చదివేలా అంటించండి. జవాబు రాకపోతే మీరడిగిన ఉత్తరాన్నే, తేదీతో సహా, అక్కడ అంటించండి. దాని ప్రతి ఒకటి గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్‌కు పంపండి.

ఇట్లు,
మీ పాత సహచరుడు,
రిటైర్డ్ ఓవర్‌మన్, గోదావరిఖని